డిజిటల్ టీవీ షేర్లు, ఆప్షన్ల ట్రేడింగ్: మదుపరులు తెలుసుకోవాల్సిన అంశాలు

న్యూఢిల్లీ: దేశ రాజధాని, దానిని ఆనుకుని ఉన్న నోయిడా, గురుగ్రామ్‌లు భారత డిజిటల్ టెలివిజన్ పరిశ్రమకు ముఖ్య కేంద్రాలు. దేశంలో తొలి ప్రైవేటు డీటీహెచ్ సేవను ప్రారంభించిన డిష్ టీవీ కార్పొరేట్ కార్యాలయం నోయిడా ఫిల్మ్ సిటీలో ఉంది. టీవీలు, సెట్‌టాప్ బాక్సులు తయారుచేసే డిక్సన్ టెక్నాలజీస్ కూడా నోయిడా సంస్థే. ఎయిర్‌టెల్ డిజిటల్ టీవీని నడిపే భారతీ ఎయిర్‌టెల్ గురుగ్రామ్ కేంద్రంగా, కేబుల్ పంపిణీ సంస్థ డెన్ నెట్‌వర్క్స్ ఢిల్లీ కేంద్రంగా పనిచేస్తున్నాయి.

ఈ నాలుగు కంపెనీల షేర్లూ స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదయ్యాయి. ఒకే పరిశ్రమకు చెందినవిగా కనిపించినా మదుపరులకు ఇవి ఇచ్చిన ఫలితాలు పూర్తిగా భిన్నం. మరోవైపు, షేర్లు కొనకుండా వాటి ఆప్షన్లలో ట్రేడింగ్ చేసే చిన్న మదుపరుల సంఖ్య గత కొన్నేళ్లలో భారీగా పెరిగింది. వారిలో పది మందికి తొమ్మిది మంది నష్టపోతున్నారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనాలు తేల్చాయి. ఈ నేపథ్యంలో డిజిటల్ టీవీ షేర్ల తీరుతెన్నులు, ఆప్షన్ల పనితీరు, నిబంధనలపై సమగ్ర కథనం.

అనలాగ్ నుంచి డిజిటల్‌కు

ప్రసార భారతి 2004 డిసెంబరులో చందా అవసరం లేని డీడీ డైరెక్ట్ ప్లస్ సేవను ప్రారంభించింది. అదే నేటి డీడీ ఫ్రీ డిష్. అంతకు ముందే 2003లో డిష్ టీవీ చందా సేవలతో రంగంలోకి దిగింది. 2006లో టాటా స్కై (ప్రస్తుతం టాటా ప్లే), 2007లో సన్ డైరెక్ట్, 2008లో ఎయిర్‌టెల్ డిజిటల్ టీవీ వచ్చాయి.

కేబుల్ టీవీ రంగంలో మార్పు చట్టం ద్వారా వచ్చింది. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టానికి 2011లో చేసిన సవరణ, సెట్‌టాప్ బాక్సు ద్వారానే ప్రసారాలు అందించాలని నిర్దేశించింది. ఢిల్లీతోపాటు మిగతా మహానగరాలకు తొలి దశ గడువు 2012 అక్టోబరు 31. హైదరాబాద్, విశాఖపట్నం సహా 38 నగరాలకు రెండో దశ గడువు 2013 మార్చి 31. చివరిదైన నాలుగో దశ గడువు పలు పొడిగింపుల అనంతరం 2017 మార్చి 31తో ముగిసింది.

కోట్లాది ఇళ్లకు బాక్సులు తప్పనిసరి కావడంతో ఈ కంపెనీలకు తిరుగుండదని అప్పట్లో మార్కెట్ భావించింది. అయితే గిరాకీ ఖాయమైనంత మాత్రాన లాభం ఖాయం కాదని తర్వాతి పరిణామాలు రుజువు చేశాయి. చందాదారును ఆకర్షించేందుకు బాక్సును అసలు ఖర్చు కంటే తక్కువకు ఇవ్వాల్సి వచ్చింది. ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్ల అద్దె, ఛానళ్లకు చెల్లింపులు, ప్రభుత్వానికి లైసెన్సు రుసుము, అప్పులపై వడ్డీ అన్నీ కలిసి నెలవారీ రాబడిని హరించాయి. చందాదారు మరో సంస్థకు మారిపోతే బాక్సుపై పెట్టిన ఖర్చు కూడా తిరిగిరాదు.

ఇంతలో 2016 సెప్టెంబరులో జియో ప్రవేశంతో మొబైల్ డేటా చౌకయింది. ఓటీటీ వేదికలు విస్తరించాయి. ఖర్చు తగ్గించుకోదలచిన కుటుంబాలు డీడీ ఫ్రీ డిష్‌కు, నాణ్యత కోరే కుటుంబాలు బ్రాడ్‌బ్యాండ్‌కు మళ్లాయి. 2019 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చిన ట్రాయ్ కొత్త టారిఫ్ విధానం ఛానళ్ల ఎంపికను, బిల్లుల తీరును మార్చేసింది. ట్రాయ్ గణాంకాల ప్రకారం క్రియాశీల చెల్లింపు డీటీహెచ్ చందాదారులు 2021 మార్చి నాటికి దాదాపు 7 కోట్ల మంది ఉండగా, 2024 మార్చి నాటికి ఆ సంఖ్య సుమారు 6.2 కోట్లకు, 2025 మార్చి నాటికి 5.7 కోట్ల స్థాయికి తగ్గింది.

నాలుగు షేర్లు, నాలుగు దారులు

డిష్ టీవీ: జీ టెలిఫిల్మ్స్ నుంచి విడదీసిన ఈ వ్యాపారం 2007 ఏప్రిల్‌లో మార్కెట్లో నమోదైంది. వీడియోకాన్ డీ2హెచ్ విలీనం 2018 మార్చిలో పూర్తి కావడంతో చందాదారుల సంఖ్యలో దేశంలోనే అతి పెద్ద డీటీహెచ్ సంస్థగా అవతరించింది. అయినా 2015లో 100 రూపాయలు దాటిన షేరు, కొవిడ్ భయాలతో మార్కెట్లు కుప్పకూలిన 2020 మార్చిలో 5 రూపాయల దిగువకు చేరింది. చందాదారుల క్షీణతకు తోడు యాజమాన్య వివాదం కంపెనీని కుదిపేసింది. తాకట్టులోని షేర్లను స్వాధీనం చేసుకోవడం ద్వారా సుమారు నాలుగో వంతు వాటా పొందిన యెస్ బ్యాంక్, బోర్డును మార్చాలని 2021లో డిమాండ్ చేసింది. 2022 సెప్టెంబరులో జవహర్ గోయల్ ఛైర్మన్ పదవి నుంచి వైదొలిగారు. ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చిన సందర్భాల్లో చిన్న వాటాదారుకు ఎదురయ్యే ముప్పుకు ఇదొక పాఠం.

డెన్ నెట్‌వర్క్స్: 2009లో 195 రూపాయల ధరతో పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. 2018 అక్టోబరులో రిలయన్స్ ఇండస్ట్రీస్ 2,290 కోట్ల రూపాయలతో డెన్‌లో 66 శాతం వాటా కొంటున్నట్లు ప్రకటించింది. బలమైన యాజమాన్యం వచ్చినప్పటికీ షేరు ఇష్యూ ధరకు చాలా దిగువనే కొనసాగుతోంది.

భారతీ ఎయిర్‌టెల్: కంపెనీ మొత్తం ఆదాయంలో డిజిటల్ టీవీది చిన్న భాగమే. షేరు ధరను నిర్ణయించేది మొబైల్ చార్జీలు, డేటా వినియోగం. టాటా ప్లేతో డీటీహెచ్ వ్యాపార విలీనంపై చర్చలు జరుగుతున్నట్లు 2025 ఫిబ్రవరిలో వెల్లడించిన సంస్థ, అవి ఫలించలేదని మే నెలలో ప్రకటించింది. పెద్ద సంస్థలు సైతం ఈ వ్యాపారంలో కొత్త దారులు వెతుక్కుంటున్నాయనడానికి ఇది నిదర్శనం.

డిక్సన్ టెక్నాలజీస్: 2017 సెప్టెంబరులో 1,766 రూపాయలకు షేర్లు జారీ చేసింది. 2021లో ఒక్కో షేరును ఐదుగా విభజించినందున నేటి లెక్కల్లో ఆ ధర సుమారు 353 రూపాయలు. 2024లో షేరు 15,000 రూపాయలు దాటింది. అంటే 40 రెట్లకు పైగా పెరిగింది. తిరుపతిలోనూ ఈ సంస్థకు టీవీల తయారీ కేంద్రం ఉంది. అయితే ఇటీవలి వృద్ధికి ప్రధాన కారణం టీవీలు కావు, మొబైల్ ఫోన్లు. ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకం తోడ్పాటుతో ఫోన్ల తయారీయే కంపెనీ ఆదాయంలో అత్యధిక వాటాకు ఎదిగింది. ‘డిజిటల్ టీవీ షేరు’ అని కొన్నవారికి లాభం తెచ్చింది మరో వ్యాపారం.

ఈ నాలుగు ఉదాహరణలూ ఒకే విషయాన్ని సూచిస్తున్నాయి. పరిశ్రమ పేరు చూసి కాక, కంపెనీ ఆదాయం ఏ విభాగం నుంచి వస్తోంది, అప్పు ఎంత, ప్రమోటర్ల వాటాలో తాకట్టు ఎంత, నియంత్రణ సంస్థలతో బకాయిల వివాదాలు ఉన్నాయా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు చూసుకున్నాకే షేరు కొనాలి. ఈ వివరాలన్నీ వార్షిక నివేదికలోనూ, ఎక్స్ఛేంజీలకు సమర్పించే త్రైమాసిక పత్రాల్లోనూ ఉచితంగా లభిస్తాయి.

ఆప్షన్ అంటే ఏమిటి?

స్థలాల క్రయవిక్రయాల్లో బయానా అందరికీ తెలిసిందే. ఫలానా తేదీలోగా ఫలానా ధరకు కొనుక్కునేందుకు కొంత సొమ్ము ముందుగా చెల్లిస్తారు. గడువులోగా కొనకపోతే బయానా వదులుకోవాల్సిందే. కాల్ ఆప్షన్ స్థూలంగా ఇలాంటిదే. నిర్ణీత తేదీకి నిర్ణీత ధరకు షేర్లు కొనే హక్కును ఇది ఇస్తుంది. ఆ ధరను స్ట్రైక్ ధర అనీ, హక్కు కోసం చెల్లించే సొమ్మును ప్రీమియం అనీ, గడువు తేదీని ఎక్స్‌పైరీ అనీ అంటారు. తేడా ఒకటుంది. కొనుగోలు జరిగితే బయానా ధరలో కలిసిపోతుంది. ప్రీమియం మాత్రం ఏ సందర్భంలోనూ ధరలో కలవదు.

పుట్ ఆప్షన్ దీనికి ప్రతిరూపం. నిర్ణీత ధరకు అమ్మే హక్కును ఇస్తుంది. షేరు ధర పడిపోతే నష్టాన్ని పరిమితం చేసే బీమా పాలసీగా దీనిని భావించవచ్చు.

భారత్‌లో సూచీ ఆప్షన్లు 2001 జూన్‌లో, ఎంపిక చేసిన షేర్ల ఆప్షన్లు 2001 జులైలో ప్రారంభమయ్యాయి. ఇక్కడి షేర్ల ఆప్షన్లు యూరోపియన్ తరహావి. అంటే హక్కును ఎక్స్‌పైరీ రోజునే వినియోగించుకోవాలి. కాంట్రాక్టును మాత్రం అంతకు ముందే మార్కెట్లో అమ్ముకోవచ్చు.

ఒక ఉదాహరణ

ఒక టీవీ తయారీ కంపెనీ షేరు 1,000 రూపాయల వద్ద ఉందనుకుందాం. లాట్ పరిమాణం 600 షేర్లు. 1,050 రూపాయల స్ట్రైక్ ధర గల కాల్ ఆప్షన్ ప్రీమియం షేరుకు 20 రూపాయలు. కొనుగోలుదారు చెల్లించేది 12,000 రూపాయలు.

ఎక్స్‌పైరీ రోజున షేరు 1,100 వద్ద ముగిస్తే హక్కు విలువ షేరుకు 50 రూపాయలు, మొత్తం 30,000. ప్రీమియం పోగా లాభం 18,000 రూపాయలు.

షేరు 1,060 వద్ద ముగిస్తే హక్కు విలువ 6,000 రూపాయలే. ప్రీమియం 12,000 కనుక నష్టం 6,000. షేరు పెరుగుతుందన్న అంచనా నిజమైంది, 6 శాతం పెరిగింది కూడా. అయినా నష్టమే. లాభనష్టాలు లేని స్థాయి 1,070 రూపాయలు కావడమే ఇందుకు కారణం.

షేరు 1,040 వద్ద ముగిస్తే 12,000 రూపాయలూ పోతాయి. అదే 12,000తో 12 షేర్లు కొని ఉంటే వాటి విలువ 12,480 అయ్యేది. ధర తగ్గినా షేర్లు చేతిలో మిగిలేవి, కోలుకునే వరకు వేచి చూసే వీలుండేది. షేరుకు గడువు లేదు, ఆప్షన్‌కు ఉంది. రెండింటి మధ్య అసలు తేడా ఇదే.

ఎక్స్‌పైరీ దగ్గరపడే కొద్దీ ఆప్షన్ విలువ రోజురోజుకూ కరిగిపోతుంది. షేరు కదలకుండా ఉన్నా కొన్నవారికి నష్టమే. అలాగే త్రైమాసిక ఫలితాల వంటి కీలక ప్రకటనలకు ముందు ఒడుదొడుకుల అంచనాతో ప్రీమియం ఉబ్బుతుంది. ప్రకటన వెలువడగానే ఆ ఉబ్బు తగ్గిపోతుంది. ఫలితాలు బాగున్నా కాల్ ఆప్షన్ ధర పడిపోవడం ఇందువల్లే.

అమ్మేవారికి ముప్పు ఎక్కువ

ఆప్షన్ కొన్నవారి నష్టం ప్రీమియానికే పరిమితం. అమ్మినవారికి లభించేది ప్రీమియం మాత్రమే, కాల్ అమ్మితే నష్టానికి మాత్రం హద్దు లేదు. పై ఉదాహరణలో షేరు 1,200కు చేరితే కాల్ అమ్మిన వ్యక్తి షేరుకు 150 చొప్పున 90,000 రూపాయలు భరించాలి. అందిన ప్రీమియం పోగా నికర నష్టం 78,000 రూపాయలు. అందుకే అమ్మకందారు నుంచి బ్రోకర్లు భారీగా మార్జిన్ వసూలు చేస్తారు. ప్రతి నెలా చిన్న మొత్తాలు క్రమం తప్పకుండా వస్తుండటం చూసి, అదే స్థిర ఆదాయమని భ్రమపడి ఒక్క నెలలో అంతా పోగొట్టుకునేవారున్నారు.

ఆప్షన్‌కు సార్థకమైన ఉపయోగం రక్షణ. 1,000 రూపాయల చొప్పున 600 షేర్లు ఉన్న మదుపరి, 950 స్ట్రైక్ ధర గల పుట్ ఆప్షన్‌ను షేరుకు 15 చొప్పున 9,000 రూపాయలకు కొన్నారనుకుందాం. షేరు 800కు పడితే షేర్లపై నష్టం 1,20,000 రూపాయలు. పుట్ ద్వారా వచ్చేది 90,000. ప్రీమియం కలుపుకొని నికర నష్టం 39,000 రూపాయలకు పరిమితమవుతుంది. షేరు పడకపోతే 9,000 రూపాయలు బీమా ఖర్చు కింద పోతాయి.

డెలివరీ బాధ్యత

చాలామంది కొత్తవారికి తెలియని నిబంధన ఇది. 2019 అక్టోబరు నుంచి అన్ని షేర్ల డెరివేటివ్‌లలోనూ భౌతిక సెటిల్‌మెంట్ పూర్తిస్థాయిలో అమలవుతోంది. లాభంలో ఉన్న ఆప్షన్‌ను ఎక్స్‌పైరీ ముగిసేవరకు అట్టేపెట్టుకుంటే నగదు తేడా చేతికి రాదు. షేర్లను తీసుకోవాలి లేదా ఇవ్వాలి. పై ఉదాహరణలో షేరు 1,060 వద్ద ముగిసి, ఆప్షన్‌ను ముందే అమ్ముకోకపోతే, 600 షేర్లకు 1,050 చొప్పున 6,30,000 రూపాయలు సమకూర్చుకోవాల్సి వస్తుంది. 12,000 రూపాయలతో రంగంలోకి దిగిన వ్యక్తికి ఇది ఊహించని భారం. ఎక్స్‌పైరీకి ముందు చివరి రోజుల్లో బ్రోకర్లు అదనపు డెలివరీ మార్జిన్ కోరడానికి కారణమిదే.

ఏ షేర్లకు ఆప్షన్లుంటాయి?

నమోదైన ప్రతి షేరుకూ ఆప్షన్లు ఉండవు. అర్హత నిబంధనలను సెబీ 2024 ఆగస్టు 30న కఠినతరం చేసింది. సగటు రోజువారీ మార్కెట్ విలువ, టర్నోవర్ ప్రాతిపదికన తొలి 500 కంపెనీల్లో ఉండటంతోపాటు, రోజువారీ సగటు డెలివరీ విలువ కనీసం 35 కోట్ల రూపాయలు, మార్కెట్ మొత్తం పొజిషన్ పరిమితి కనీసం 1,500 కోట్ల రూపాయలు ఉండాలి. భారతీ ఎయిర్‌టెల్, డిక్సన్ షేర్లు డెరివేటివ్స్ విభాగంలో ఉన్నాయి. డిష్ టీవీ, డెన్ వంటి చిన్న షేర్లకు ఆ సదుపాయం లేదు. ఎన్‌ఎస్‌ఈలో షేర్ల ఆప్షన్లకు నెలవారీ కాంట్రాక్టులే ఉంటాయి. 2025 సెప్టెంబరు నుంచి ఇవి నెలలోని చివరి మంగళవారం ముగుస్తున్నాయి.

గణాంకాలు చెబుతున్నదేమిటి?

2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల లావాదేవీలను పరిశీలించిన సెబీ, 2024 సెప్టెంబరులో నివేదిక వెలువరించింది. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో పాల్గొన్న కోటి మందికి పైగా వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. లావాదేవీల ఖర్చులతో కలిపి ఒక్కొక్కరి సగటు నష్టం సుమారు 2 లక్షల రూపాయలు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం పొందినవారు ఒక్క శాతమే.

నష్టపోతున్నది ఎవరన్నది మరింత ఆందోళనకరం. 2023-24లో ఈ ట్రేడర్లలో 75 శాతానికి పైగా తమ వార్షికాదాయం 5 లక్షల రూపాయల లోపేనని ప్రకటించినవారు. 30 ఏళ్లలోపు వయసువారి వాటా ఒక్క ఏడాదిలోనే 31 శాతం నుంచి 43 శాతానికి పెరిగింది. అదే ఏడాది బ్రోకరేజీ సంస్థల సొంత ట్రేడింగ్ విభాగాలు సుమారు 33,000 కోట్లు, విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరులు సుమారు 28,000 కోట్ల రూపాయల స్థూల లాభం పొందారు. ఆ లాభాల్లో 96 శాతానికి పైగా కంప్యూటర్ అల్గారిథమ్‌ల ద్వారా జరిగిన ట్రేడింగ్ నుంచి వచ్చినవే. మొబైల్ ఫోన్‌లో చార్టు చూసి బటన్ నొక్కే వ్యక్తి తలపడుతున్నది ఆ యంత్రాంగంతోనే.

సెబీ 2025 జులైలో వెలువరించిన తదుపరి అధ్యయనం ప్రకారం 2024-25లో కూడా 91 శాతం మంది నష్టపోయారు. వారి నికర నష్టం అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 41 శాతం పెరిగి 1.05 లక్షల కోట్ల రూపాయలకు చేరింది.

ఈ పరిస్థితిని అదుపు చేసేందుకు సెబీ 2024 అక్టోబరు 1న ఆరు చర్యలు ప్రకటించింది. సూచీ డెరివేటివ్ కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షల రూపాయలకు పెంచడం, వారపు ఎక్స్‌పైరీని ఎక్స్ఛేంజీకి ఒక్క ప్రధాన సూచీకే పరిమితం చేయడం, ప్రీమియం మొత్తాన్ని ముందుగానే వసూలు చేయడం వీటిలో ముఖ్యమైనవి.

ఒక టీవీ షేరు, కొన్ని వీడియోలు

ఢిల్లీకి చెందిన సాధనా బ్రాడ్‌కాస్ట్ షేరు ఉదంతం ‘టిప్’లను నమ్మేవారికి హెచ్చరిక. కంపెనీని ఒక పెద్ద వ్యాపార గ్రూపు కొనబోతోందంటూ 2022 జులైలో యూట్యూబ్ ఛానళ్లలో వీడియోలు వచ్చాయి. చిన్న మదుపరులు ఎగబడి కొన్నారు. వారికి షేర్లు అమ్మి కొందరు లాభపడ్డారని దర్యాప్తులో తేలినట్లు పేర్కొంటూ సెబీ 2023 మార్చిలో మధ్యంతర ఉత్తర్వులు జారీ చేసింది. 2025 మే నెలలో తుది ఉత్తర్వులిస్తూ, సుమారు 58 కోట్ల రూపాయల అక్రమ లాభాన్ని వడ్డీతో తిరిగి చెల్లించాలని ఆదేశించింది. ఈ షేరుకు ఆప్షన్లు లేవు, సంక్లిష్టమైన లెక్కలూ లేవు. ధృవీకరణ లేని సమాచారమే నష్టానికి మూలమైంది. కంపెనీ చేతులు మారే ప్రతిపాదన నిజమైతే అది ముందుగా ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లో కనిపించాలి.

పన్నులు, జాగ్రత్తలు

షేర్లను ఏడాదికి మించి ఉంచి అమ్మితే, ఏడాదికి 1.25 లక్షల రూపాయలు దాటిన లాభంపై 12.5 శాతం, ఏడాదిలోపు అమ్మితే 20 శాతం పన్ను వర్తిస్తుంది. 2024 జులై 23 నుంచి ఈ రేట్లు అమల్లో ఉన్నాయి. ఆప్షన్లపై లాభనష్టాలను వ్యాపార ఆదాయంగా పరిగణిస్తారు. గడువులోగా రిటర్ను దాఖలు చేస్తే నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లవచ్చు. నష్టమే కదా అని రిటర్ను వేయనివారు ఈ వెసులుబాటును కోల్పోతారు.

ఆప్షన్లలో అడుగుపెట్టే ముందు పాటించాల్సిన కనీస జాగ్రత్తలు ఇవి. అప్పు తెచ్చిన సొమ్ము, పిల్లల ఫీజులకో వైద్య ఖర్చులకో దాచిన సొమ్ము వాడకూడదు. కాంట్రాక్టు కొనే ముందే లాభనష్టాలు లేని స్థాయిని, గరిష్ఠ నష్టాన్ని కాగితంపై రాసుకోవాలి. ఎక్స్‌పైరీ వారంలో షేర్ల ఆప్షన్లను అట్టేపెట్టుకోకూడదు. సలహా ఇచ్చే వ్యక్తికి సెబీ నమోదు సంఖ్య ఉందో లేదో సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. ఖాతా లాగిన్, పాస్‌వర్డ్ అప్పగించమని కోరేవారిని, నెలకు ఇంత శాతం ఖాయమని హామీ ఇచ్చేవారిని దూరంగా ఉంచాలి. బ్రోకర్‌పై గానీ నమోదిత సలహాదారుపై గానీ ఫిర్యాదు ఉంటే సెబీ నిర్వహించే స్కోర్స్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేయవచ్చు.